మూడో మలుపులో కార్బురేటరు

శనివారం నాడు మునిరత్నం చేయవలసిన పనులు ఇవి. గదిలో బూజు దులపాలి. కిటికీ రెక్కకు ఊడిపోయిన మేకు కొట్టాలి. నీళ్ళ వ్యాను ఓబయ్యకు చెప్పి ఒక డ్రమ్ము ఎక్కువ తెప్పించుకోవాలి. ఇంకొక పళ్ళెం, ఇంకొక గ్లాసు కొనాలి. మంచం కింద చేరిన తేలును వెతికి పట్టుకోవాలి. దొరక్కపోతే దాని సంగతి నిర్మలతో అనకూడదు. అన్నిటికన్నా ముందు మోటారుసైకిలుకు కొత్త కార్బురేటరు బిగించి, ఇద్దరిని ఎక్కించుకొని కొండ ఎక్కేటట్టు దాన్ని సరిచేయాలి.

ఈ చివరి పని ఒక్కటి అయితే మిగిలినవన్నీ అయినట్టే. అది కాకపోతే మిగిలినవన్నీ చేసినా లాభం లేదు.

మునిరత్నం నగరిలో మగ్గం నేసే కోదండం కొడుకు. ఆ ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాడు. ఫిజిక్సు చదివిన పాపానికి ప్రభుత్వం అతనికి ఐరాల దాపున తేనెబండ కొండ మీద ఉద్యోగం ఇచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గాలి ఎటు వీస్తున్నదో, వాన ఎంత పడిందో కొలిచి వైర్‌లెస్‌లో చిత్తూరుకు చెప్పాలి. చెప్పడం అయ్యాక అవతలి గొంతు "సరే" అంటుంది. కొన్ని రోజులు అతను విన్న మనిషి మాట ఆ ఒక్కటే.

కొండ కింద తుమ్మలమిట్ట అనే ఊరుంది. ఆ ఊరికి అతను 'కొండమీది సారు'. సారు చక్కెర కావాలని వస్తే చక్కెర పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. అంతకు మించి సారుతో ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియదు. వాళ్ళతో ఏం మాట్లాడాలో సారుకూ తెలియదు. చదువుకున్నవాడు కదా, ఊరకే మాట్లాడడం అతనికి ఎవరూ నేర్పలేదు.

పెళ్ళయి ఏడాది దాటింది. భార్య నిర్మల నాయుడుపేటలో టీచరు. ఇప్పుడు తుమ్మలమిట్ట బడిలో ఒక పోస్టు ఖాళీ పడింది. సోమవారం ఆమె బదిలీకి అర్జీ ఇస్తే వచ్చేటట్టే ఉంది. పోయినసారి మునిరత్నం నాయుడుపేట వెళ్ళినప్పుడు బస్టాండులో ఆమె తేల్చి చెప్పింది.

"ఆదివారం నేనొచ్చి చూస్తానండీ. మీ బండి నన్ను కూడా ఎక్కించుకొని కొండెక్కితే, పొద్దున బడికి దిగి సాయంత్రం పైకి వచ్చేస్తాను. సోమవారమే అర్జీ ఇస్తాను. ఎక్కకపోతే మాత్రం దినామూ ఆ కొండ నడిచేది నా వల్ల కాదు. వచ్చిన బస్సులోనే వెనక్కి పోతాను. ఈడ మా అమ్మ ఒక్కతే."

"నాకు ఆడ మాట్లాడేదానికి ఒక్క మనిషి లేడు నిర్మలా."

"బండి సంగతి అడిగితే మనిషి సంగతి చెప్తారేంది?" అని ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "మీరు ఒక్కరే ఉండారనే కదా నాకు దిగులు. లేకపోతే ఈ ఊరు, ఈ బడి వదిలేదాన్నా?"

ఆ మాట పట్టుకొని మునిరత్నం మద్రాసు వెళ్ళాడు. అతని బండి మామూలు బండి కాదు. ఎప్పుడో గనుల సర్వేకు వచ్చిన విదేశీ ఇంజనీర్లు వదిలిపోయిన కొండదారి మోటారుసైకిలు. ఎత్తైన మడ్‌గార్డు, పక్కనుంచి పైకి లేచిన సైలెన్సరు, మొసలి వీపులాంటి టైర్లు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజినుకు అందించే పాత కార్బురేటరు అరిగి, బండి ఒక్కడిని మోయడానికే దగ్గుతూ ఉండేది. దాని సొంత సామాను ఎక్కడా దొరకదు కాబట్టి అక్కడి పుదుపేట పాత సామాన్ల అంగట్లో వేరే కంపెనీది కొన్నాడు. దాంతోపాటు పెట్రోలు పారే జెట్లు, చిన్నవీ పెద్దవీ, ఒక పొట్లం.

బిగించడానికే శనివారం పొద్దు ఎక్కిపోయింది. బోల్టు రంధ్రాలు కలవకపోతే ఆకురాయితో రుద్ది వెడల్పు చేశాడు. సందులో గాలి దూరకుండా అట్టముక్క కత్తిరించి పెట్టాడు. గాలి వడపోసే పాత డబ్బా కొత్తదాని మూతికి పట్టలేదు. నాయన నేసిన పంచె ఒకటి చించి, ఆ గుడ్డనే మూతికి కట్టాడు.

ఇక మిగిలింది ట్యూనింగు. అంగడివాడు పద్ధతి చెప్పి పంపాడు. నిట్టనిలువు ఎత్తులో యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పోవాలి; అలా పోతూ పోతూనే ఉన్నట్టుండి ఇంజిను ఆపెయ్యాలి; వెంటనే స్పార్కు ప్లగ్గు ఊడదీసి దాని రంగు చూడాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే తక్కువ, ఇంజిను కాలిపోతుంది. ఇటుక రంగు వస్తే అంతా సరిపోయినట్టు.

కొండదారిలో అన్నిటికన్నా నిలువైన ఎత్తు మూడో మలుపు. అక్కడే దారి పక్కన ఒక చదునైన బండరాయి ఉంది. పానాలు పరుచుకోవడానికి బాగుంటుందని మునిరత్నం దాన్ని ఎంచుకున్నాడు. ఇంకే కారణమూ లేదు. ఈ సంగతి పాఠకులు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఇంకెవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఊరి దగ్గర నుంచి గర్జించుకుంటూ వచ్చి, బండ దగ్గర ఠక్కున ఆపాడు. గొంతుకూర్చుని, వేడి ప్లగ్గును గుడ్డతో పట్టి ఊడదీసి, వెలుతురు కోసం సూర్యుడి వైపు ఎత్తి చూశాడు. నల్లగా ఉంది. నిట్టూర్చి చిన్న జెట్టు వేసి, ఇంజిను ఆపుకొనే దిగువకు జారిపోయి, మళ్ళీ గర్జించుకుంటూ వచ్చి, అదే బండ దగ్గర ఆపాడు. మళ్ళీ గొంతుకూర్చున్నాడు. మళ్ళీ సూర్యుడికి చూపించాడు. ఈసారి తెల్లగా ఉంది. తల పట్టుకున్నాడు.

తల ఎత్తేసరికి ఎదురుగా మేకలు. మేకల వెనక వాటిని కాసే ముసలి గంగులమ్మ, గెడకర్ర మీద గడ్డం ఆనించుకొని.

"ఏం నాయనా, మళ్ళా ఈడ్నే నిలిచిపోయిందా?"

"నిలిచిపోలేదవ్వా. నేనే నిలిపినా."

"ఊఁ. మా ఆయన గూడా, బండెద్దు నడిదావలో పడుకుంటే, నేనే పండబెట్టినా అనేవోడు."

"నిజంగా నేనేనవ్వా. దీని రంగు చూడాల. ముందు నల్లగా వచ్చింది. ఇప్పుడు తెల్లగా వచ్చింది. ఎర్రగా ఇటుక మాదిరి రావాల."

"ఎర్రగా రావాలని ఎవురు సెప్పినారు?"

"మద్రాసులో చెప్పినారు."

గంగులమ్మ గొంతు తగ్గించింది. "మద్రాసు దాకా పోయి అడిగొచ్చినావా?"

"పోక తప్పలేదవ్వా. ఎర్రగా వచ్చేదాకా వదలొద్దన్నారు."

"వదలదు నాయనా. యాడ వదులుతాది?" అని ఆమె బండ వైపు ఓరగా చూసి, చెప్పులు విప్పింది.

ఇక్కడే మునిరత్నం గట్టిగా చెప్పి ఉండవలసింది. ఆమె మనసులో ఏముందో అతనికి కొంత తట్టింది కూడా. కానీ గంగులమ్మ ఆ పక్కనే చతికిలబడి, "మీ యమ్మ యాడుంటాది? పైన ఏం వండుకుంటావు? నీకు సంగటి కెలికేది వస్తాదా?" అని అడగడం మొదలుపెట్టింది. ఒక మనిషి తనను వరసగా ఇన్ని ప్రశ్నలు అడిగి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాడు. పాలు విరిగిపోవడం గురించి చెప్పాడు. మంచం కింద తేలు గురించి కూడా చెప్పాడు. ఇన్ని చెప్పుకున్నాక, ముఖం మీద "నువ్వు అనుకునేది తప్పవ్వా" అని ఆమెను పంపెయ్యడానికి నోరు రాలేదు. కార్బురేటరు సంగతి అలా వెనకబడిపోయింది.

మధ్యరకం జెట్టు వేసి మూడోసారి ఎక్కాడు. ప్లగ్గు అప్పుడే కాల్చి తీసిన ఇటుకలా ఉంది.

"వచ్చింది! ఎర్రగా వచ్చింది అవ్వా!" అని అతను గంతేశాడు.

గంగులమ్మ బండకు సాగిలపడి మొక్కింది. తన సంతోషం చూసి ఆమెకూ సంతోషం కలిగిందని మునిరత్నం అనుకున్నాడు. మనసు నిండిపోయింది.

మధ్యాహ్నం పళ్ళెం, గ్లాసు కొనడానికి ఊళ్ళోకి దిగితే, టీ అంగడి మునెయ్య లేచి నిలబడి, అడగకుండానే టీ పోశాడు. బెంచీ మీద వాళ్ళు జరిగి చోటిచ్చారు.

"సార్, పైన బండి ఎట్లా నిలిచిందో రవ్వంత సెప్పండి సార్," అన్నాడు మునెయ్య.

తన కార్బురేటరు మీద ఒక ఊరికి ఇంత ఆసక్తి ఉంటుందని మునిరత్నం కలలో కూడా అనుకోలేదు. సూది ఎట్లా లేస్తుందో, గాలి ఎట్లా పీలుస్తుందో, జెట్టులో పెట్రోలు ఎట్లా పారుతుందో చేతులు తిప్పి తిప్పి చెప్పాడు. బి.ఎస్సీ.లో కూడా ఇంత బాగా చెప్పలేదు. అందరూ నోళ్ళు తెరుచుకొని విన్నారు.

"అంతా సరే సార్," అన్నాడు మునెయ్య. "మరి ఆ బండ తావే ఏమిటికి నిలుస్తాది?"

"ఆడే ఎత్తు ఎక్కువ. ఆ తావు దాటితే ఇంక దారంతా సులువు."

మునెయ్య బెంచీ వైపు తిరిగాడు. "విన్నారా అప్పా? ఆ తావు దాటినోడికి దారంతా సులువంట. సదువుకున్నాయన సెప్తా ఉండాడు."

ఈ మాట విన్నవాళ్ళలో నీళ్ళ వ్యాను ఓబయ్య ఒకడు. సాయంత్రం డ్రమ్ములతో పైకి పోతూ, ఎందుకైనా మంచిదని మూడో మలుపులో వ్యాను ఆపి, బండకు దండం పెట్టుకున్నాడు. తర్వాత వ్యాను కదలలేదు. ఓబయ్య వ్యాను నలుగురు తొయ్యకుండా ఏనాడూ స్టార్టు కాలేదని ఊరందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఆ సంగతి ఒక్కరికీ జ్ఞాపకం రాలేదు, ఓబయ్యతో సహా.

కొండ మీద గది ఊడ్చుకుంటున్న మునిరత్నానికి చీకటి పడే వేళ కింద పలక డప్పుల మోత వినిపించింది. ఎవరిదో పెళ్ళి అనుకున్నాడు. తనను పిలవలేదే అని కొంచెం బాధపడ్డాడు. పిలిచేంత పరిచయం లేదు కదా అని సమాధానపడ్డాడు.

ఆదివారం పొద్దున కొలతలు చెప్పేసి, తల దువ్వుకొని, బండి తీశాడు. ఇంజిను చెప్పినట్టు వింటోంది. మూడో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఊరు ఊరంతా ఉంది. బండరాయికి పసుపు, కుంకుమ, వేపమండలు, ఎర్రటి చీర. రాళ్ళ పొయ్యిల మీద పొంగలి కుండలు. దారికి అడ్డంగా ఓబయ్య వ్యాను, దాని ముందర పలకలు కొట్టేవాళ్ళు.

"వచ్చినాడు! సారు వచ్చినాడు!"

మెడలో దండ పడింది. ఊళ్ళో ఎవరికి ఏ కష్టమొచ్చినా పూనకంలో దారి చెప్పే చౌడేశ్వరమ్మ వేపమండ పట్టుకొని ముందుకొచ్చింది. ఆమె చేతిలో పెద్ద చెంబు ఉంది. చెంబులో పసుపు కలిపిన పాలు.

"దండ తీయండి, నాకు బస్సుకు టైమైంది," అన్నాడు మునిరత్నం.

"ముందు బండికి పొయ్యాల. మొదట నిలిచింది బండి గదా."

"ఆడ పొయ్యొద్దమ్మా! అది గాలి పీల్చే తావు!"

"గాలి పీల్చేదానికి దప్పిక గాదా నాయనా?" అని చౌడేశ్వరమ్మ చెంబు వంచేసింది. నగరి పంచె గుడ్డ పాలను బాగా పీల్చుకుంది.

వాళ్ళతో వాదించడానికి అతనికి వ్యవధి లేదు. వ్యాను పక్కనుంచి బండిని నెట్టుకొని, ఇంజిను లేకుండానే దిగువకు జారుకుంటూ పోయాడు. అందువల్ల లోపల ఏం జరిగిందో అతనికి తెలియలేదు.

బస్సులోనుంచి నిర్మల బుట్ట పట్టుకొని దిగింది. అతన్ని కిందినుంచి పైకి చూసింది.

"దండేందండీ?"

"పైన... ఏదో పూజ," అన్నాడు.

"ఎక్కుతాదా?"

"కూర్చో."

నాలుగైదు తన్నులకు బండి పసుపు పచ్చగా దగ్గి, తర్వాత అందుకుంది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. వెనక ఒక మనిషి బరువుతో బండి కొండ ఎక్కుతూ ఉంది. నిర్మల చెయ్యి అతని భుజం మీద ఉంది. "బాగా లాగతా ఉండాదే!" అని ఆమె చెవి దగ్గర అన్నప్పుడు మునిరత్నం యాక్సిలేటరు ఇంకొంచెం తిప్పాడు. అట్టముక్క, ఆకురాయి, పుదుపేట, ఆ ఏడాది మొత్తం ఆ ఒక్క మాటకు సరిపోయింది.

మూడో మలుపులో, సరిగ్గా బండ ముందర, బండి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఈసారి దాన్ని అతను ఆపలేదు.

"గంగమ్మ తల్లీ!" అని కొండ ప్రతిధ్వనించేటట్టు జనం అరిచారు. చౌడేశ్వరమ్మకు పూనకం వచ్చేసింది. జుట్టు విరబోసుకొని ఊగుతూ నిర్మల ఎదుటికి వచ్చి, "కోడల్ని తెచ్చినాడా? నాకు సూపకుండా పైకి తీసకపోదామనుకున్నాడా? అందుకే నిలిపినా!" అంది.

"పాలు పోయినాయి లోపలికి! వద్దంటే పోసినారు కదా, అందుకే!" అని మునిరత్నం మొత్తుకున్నాడు.

"గమ్మునుండు నాయనా, అమ్మ మాట్లాడతా ఉంటే," అంది గంగులమ్మ.

ఆడవాళ్ళు నిర్మలను లాక్కుపోయారు. ఒకామె తలలో కనకాంబరాలు పెట్టింది. ఇంకొకామె చేతికి గరిటె ఇచ్చింది. నిర్మల మొదట బెదిరి, తర్వాత బిత్తరపోయి, ఆ తర్వాత చెంగు నడుముకు దోపి పొంగలి కలబెట్టడం మొదలుపెట్టింది. అటు పలకలు మోగుతుంటే ఇటు మునిరత్నం బండ పక్కనే కూర్చొని కార్బురేటరు విప్పాడు. అడుగు గిన్నెలో పెట్రోలు బదులు పసుపుపాలు ఉన్నాయి. తుడిచాడు, ఊదాడు, ఎండలో ఆరబెట్టాడు. నడుమ నడుమ తల ఎత్తి చూశాడు. ప్రతిసారీ ఆమె ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. ప్రతిసారీ నవ్వుతూనే ఉంది. పెళ్ళయ్యాక ఆమె అంతసేపు నవ్వగా అతను చూడలేదు.

బస్సు డ్రైవరు, కండక్టరు కూడా పొంగలి తినడానికి పైకి వచ్చేశారు. అందుచేత తిరిగిపోవలసిన బస్సు కింద ఖాళీగా నిలబడి ఉంది.

అంతా మళ్ళీ బిగించి ఒక్క తన్ను తన్నాడు. ఇంజిను గొంతు విప్పింది. శుభ్రమైన, నిండైన శబ్దం. మునిరత్నం జనాన్ని తోసుకుంటూ భార్య దగ్గరికి పరిగెత్తాడు.

"నిర్మలా, రా! పైకి పోదాం రా. ఇప్పుడు ఎక్కుతాది!"

నిర్మల చేతులు కడుక్కొని, అతన్ని పక్కకు తీసుకొచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. ఈసారి నవ్వు కూడా వచ్చింది.

"ఏమండీ, మీరు పెద్ద అబద్ధాలకోరు."

"నేనా?"

"మాట్లాడేదానికి ఒక్క మనిషి లేడని చెప్తే, ఏడాదిగా నాకు సరిగ్గా నిద్ర లేదు తెలుసా? ఈడ చూస్తే ఊరంతా మీ చుట్టే ఉండాది. మెడలో దండలేసి తిప్పతా ఉండారు. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి గంగులమ్మవ్వకు తెలుసు, నాకే తెలీదు! తేలు సంగతి కూడా ఆమే చెప్పింది."

"అది కాదు..."

"నా దిగులంతా పోయిందండీ ఈ పొద్దు. సోమవారం అర్జీ ఇయ్యను. ఏమిటికి ఇచ్చేది? ఆడ మా అమ్మకు నేను తప్ప ఎవురూ లేరు. మీకు ఇంతమంది ఉండారు."

"నిర్మలా, వీళ్ళు నా కోసం రాలేదు. వీళ్ళు..."

మాట పూర్తి కాకముందే చౌడేశ్వరమ్మ వెనకనుంచి వచ్చి, పిడికెడు వేడి పొంగలి అతని నోట్లో కుక్కింది. "ముందు నువ్వే తినాల నాయనా. నువ్వు తినకుండా ఎవురూ ముట్టరు."

"చూసినారా?" అని నిర్మల పొంగిపోయింది.

"టైమైపోయిందమ్మా, రావాల," అని డ్రైవరు తన పొంగలి విస్తరాకులో పొట్లం కట్టుకుంటూ కేక వేశాడు. మునిరత్నం నాలుక కాలుతుంటే పొంగలి మింగడానికి తంటాలు పడుతున్నాడు. మింగేసరికి నిర్మల ఆడవాళ్ళ మధ్య రెండో మలుపు దిగుతూ ఉంది. తిరిగి చూసి చెయ్యి ఊపింది. ఆ ముఖంలో ఎంత నిశ్చింత ఉందంటే, వెంటపడి పోయి దాన్ని చెరిపెయ్యడానికి అతనికి కాళ్ళు రాలేదు. తను ఏడాదిగా ఆమె మీద పెట్టిన బరువు ఆమె దించేసుకొని పోతూ ఉంది. మళ్ళీ ఎత్తుకో అని ఎట్లా అంటాడు?

మధ్యాహ్నానికి కుండలు ఖాళీ అయ్యాయి. ఓబయ్య వ్యానును నలుగురూ కలిసి తోశారు. పలకలు భుజాన వేసుకొని అందరూ దిగిపోయారు. "వస్తాం సార్" అని మునెయ్య ఒక్కడు చెప్పాడు, అదీ బండ వైపు తిరిగి.

ఇద్దరిని మోయడానికి సరిచేసిన బండి ఒక్కడితో గాలిలాగా పైకి పోయింది. గతుకుల్లో ఖాళీ సీటు కొట్టుకుంటూనే ఉంది.

తర్వాత ఆ బండ మీద రేకుల పందిరి వేశారు. బండ్లాపే గంగమ్మ అని పేరు వచ్చింది. ఐరాల కట్టెల లారీ మొదలు కలెక్టరు జీపు దాకా ఏదీ అక్కడ ఇంజిను ఆపకుండా ముందుకు పోదు. మునిరత్నం నిజం చెప్పాలని ఒకటి రెండుసార్లు చూశాడు. "సారుది పెద్ద మనసు, తన గొప్ప సెప్పుకోడు" అన్నారు. ఇప్పుడు అతనూ ఆపుతాడు. నిర్మల మాత్రం ఉత్తరాల్లో ఊళ్ళో అందరినీ పేరుపేరునా అడుగుతుంది. అందరూ బాగున్నారని అతను రాస్తాడు.

ఐరాల దిక్కు నుంచి ఆ దారిన మీరు ఎప్పుడైనా పోతే, మీ బండి కూడా ఆపవలసి వస్తుంది. ఆపండి, తప్పు లేదు. కానీ ఇంజిను ఆగిన తర్వాత ఉండే ఆ నిశ్శబ్దంలో ఒక్కసారి తల ఎత్తి, పైన గాలి కొలుస్తూ మునిరత్నం అనే మనిషి ఒకడు ఉన్నాడని తలచుకోండి. కొబ్బరికాయ అక్కరలేదు.